జింక వెంట్రుకల ఎలుక

చాలాకాలంగా రాయాలనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చిన సంగతి ఇది. కారణం బద్ధకమొక్కటే కాదు. "నేను జింక వెంట్రుకలతో ఎలుకబొమ్మ కట్టి, అర్ధరాత్రి ఏట్లోకి విసిరి, దాంతో చేపలు పట్టి, పట్టిన చేపను మళ్లీ నీళ్లలోకే వదిలేస్తాను" అని నలుగురిలో చెప్పుకోవడానికి కొంత జంకు. ఓసారి మా బంధువుల ఇంట్లో నోరుజారి చెప్పేశాను కూడా. ఒక పెద్దావిడ అంతా శ్రద్ధగా విని, "తినవన్నమాట... మరి దానికేం పోయేకాలం, నీకేం పోయేకాలం?" అన్నారు. సమాధానం నా దగ్గర ఇప్పటికీ లేదు.

ఫ్లై ఫిషింగ్ ఎరుగని మిత్రుల కోసం రెండు మాటలు. మన గేలంలో బరువంతా ఎరదీ, దానికి కట్టిన సీసపుగుండుదీ. ఆ బరువే దారాన్ని ముందుకు లాక్కుపోతుంది. ఇక్కడ వ్యవహారం తలకిందులు. ఎర ఈకంత తేలిక. బరువు దారానిది. ఆ లావుపాటి దారాన్ని గాలిలో వెనక్కీ ముందుకీ కొరడాలా ఆడించి విసిరితే, కొసనున్న ఎర దాని వెంట పోయి నీటిమీద వాలుతుంది. ఎర అంటే పురుగు కాదు, పురుగులా కనబడేలా గేలానికి ఈకలూ వెంట్రుకలూ దారంతో చుట్టి చేసిన బొమ్మ. పేరే 'ఫ్లై', అంటే ఈగ. చాలామట్టుకు ఈగలంత, దోమలంత ఉంటాయి. కానీ ఆ సంతతిలో ఒక ఎలుక కూడా ఉంది! బొటనవేలంత పొట్ట, తోలుతోక, రెండు చెవులు. కొందరు మీసాలు కూడా పెడతారు. చేప మీసాలు లెక్కపెడుతుందని నేననుకోను. అవి కట్టేవాడి సరదాకి.

చేప ఎలుకను తినడమేమిటని నేనూ మొదట నవ్వాను. అలాస్కాలో రెయిన్‌బో ట్రౌట్ పట్టపగలే తింటుంది. మంగోలియాలో టైమెన్ అనే మహాకాయానికి అది ఫలహారం. మా మిషిగన్‌లో మాత్రం రాత్రి వ్యవహారం. డెట్రాయిట్ శివార్లలోని మా ఇంటి నుంచి ఐ-75 పట్టుకుని రెండువందల మైళ్లు ఉత్తరానికి పోతే గ్రేలింగ్ అనే ఊరు, దాని పక్కన ఓ సాబుల్ నది. ఫ్రెంచివాళ్లు పెట్టిన పేరు, ఇసుకేరు అనుకోండి. నేలలోంచి ఊరే నీళ్లు కాబట్టి నడివేసవిలోనూ చల్లగా, నిలకడగా పారుతుంది. అందులో ఫ్లై తప్ప మరే ఎరా వాడకూడని, పట్టిన ప్రతి చేపనూ వదిలేయవలసిన భాగం ఒకటుంది. దాన్ని 'హోలీ వాటర్' అంటారు. ట్రౌట్ అన్‌లిమిటెడ్ అనే సంస్థ 1959లో ఈ ఏటి ఒడ్డునే పుట్టింది.

ఊరి పేరు మోస్తున్న గ్రేలింగ్ చేప మాత్రం ఈ ఏట్లో లేదు. పైన్ అడవులు నరికి, దుంగలు ఏట్లో వదిలి, అవి గుడ్లు పెట్టే చోట్లన్నీ దున్నేసి, మిగిలినవాటిని బుట్టలకొద్దీ పట్టుకుపోయి, 1930ల నాటికి మిషిగన్ నదుల్లో లేకుండా చేశారు. ఇప్పుడు ఏలుతున్న బ్రౌన్ ట్రౌట్ పరదేశి. జర్మనీ నుంచి వచ్చిన గుడ్లను పొదిగించి, ఆ పిల్లలను 1884లో ఈ రాష్ట్రపు నీళ్లలో వదిలారు. (వలస వచ్చి స్థిరపడ్డ వాళ్ల మీద నాకు సహజంగానే కొంత పక్షపాతం.) ఇందులో బాగా ఎదిగినది పగలంతా ఒడ్డున ఒరిగిన దేవదారు మొద్దుల కింద దాక్కుని, చీకటి పడ్డాక వేటకు బయల్దేరుతుంది. ఏరు దాటబోయే ఎలుక అప్పుడు దాని కంటబడుతుంది.

నాకీ విద్య నేర్పినది మా వీధి చివరి ఇంటి పెద్దాయన. కార్ల ఫ్యాక్టరీకి అచ్చులు చేసే పనిలో జీవితమంతా గడిపి రిటైరైన మనిషి. 2006లో పరిచయం. బేస్‌మెంట్‌లో ఒక బల్ల, దానికి గేలాన్ని పట్టుకునే చిన్న ఉక్కుపట్టు, గూళ్లనిండా ఈకలు, తోళ్లు. ఏటా నవంబరు 15న మిషిగన్‌లో తుపాకీతో జింకలవేట మొదలవుతుంది. ఆయన ఆ రోజు తప్పకుండా అడవిలో ఉండేవాడు. మాంసం ఫ్రీజర్లోకి, తోలు ఉప్పు రాసి ఎండబెట్టి ఈ గూళ్లలోకి. మొదటిసారి ఆ తోలుముక్క చేతిలో పెట్టినప్పుడు నాకు కొంచెం ఇబ్బందిగా అనిపించిన మాట నిజం. బంగారు జింక కథ వింటూ పెరిగిన వాళ్లం కదా, జింకతోలంటే ఎక్కడో ఏదో అనర్థం మొదలవుతున్నట్టే ఉంటుంది.

జింక వెంట్రుకలో ఒక విశేషముంది. మన వెంట్రుకలా గట్టికాడ కాదు. లోపలంతా గాలి నిండిన చిన్నచిన్న గదులు. చలికాలంలో జింకను వెచ్చగా ఉంచేది ఆ గాలే. నీటిమీద బొమ్మను తేల్చేదీ ఆ గాలే. పెన్సిలంత లావు కుచ్చు కత్తిరించి, అడుగున ఉండే మెత్తటి నూగును దువ్వెనతో పూర్తిగా దువ్వెయ్యాలి (నూగు మిగిలితే పని చెడినట్టే). కుచ్చును గేలం కాడమీద ఆనించి, దారం వదులుగా రెండు చుట్లు వేసి, మెల్లగా బిగించాలి. దారం బిగిసేకొద్దీ ఆ బోలు వెంట్రుక నలిగి, నిటారుగా లేస్తుంది. ఒక్కసారిగా కుచ్చంతా విచ్చుకుని, కాడ చుట్టూ గిర్రున తిరిగి, గుండ్రటి పువ్వవుతుంది. ఎన్నివందలసార్లు చూసినా ఆ క్షణం నాకు కొత్తగానే ఉంటుంది. ఆ పువ్వును వెనక్కి నెట్టి, దాని ముందు మరో కుచ్చు, మళ్లీ నెట్టడం, మళ్లీ కుచ్చు. కాడ నిండేసరికి గేలం మీద ఒక ముళ్లపంది కూర్చుంటుంది. దానికి కెటిల్ ముక్కు దగ్గర ఆవిరి పట్టిస్తే ఒరిగిన వెంట్రుకలన్నీ లేచి నిలబడతాయి. అప్పుడు కొత్త బ్లేడును వేళ్లమధ్య విల్లులా వంచి చెక్కుకుంటూ పోతే, ముళ్లపందిలోంచి ఎలుక బయటికి వస్తుంది.

చెక్కిన వెంట్రుక ఎక్కడికి పోతుందని అడగకండి. అన్నిచోట్లకీ పోతుంది. పప్పులో జింక వెంట్రుక కనబడిన రోజు మా ఆవిడ అన్న మాటలు ఇక్కడ రాయదగ్గవి కావు.

అసలు కష్టమంతా దారం బిగిలో ఉంది. చాలనంత బిగిస్తే వెంట్రుక విచ్చుకోదు, మొదటి చేప నోట్లోనే బొమ్మంతా కాడమీద బొంగరంలా తిరుగుతుంది. అతిగా లాగితే దారం ఫట్టుమని తెగి, కట్టినదంతా ఒళ్లో రాలుతుంది. తెగడానికి ఒక్క పిసరు ముందు ఆగాలి. ఆ పిసరు ఎక్కడుందో మాటల్లో చెప్పడం పెద్దాయనకు చేతకాలేదు. నాకు మూడేళ్లు పట్టుబడలేదు. నా ఎలుకలు దువ్వని తలల్లా ఉండేవి. వెలుగుకెదురుగా పెడితే వెంట్రుకల మధ్య నుంచి అవతలి కిటికీ కనిపించేది.

మాది మంగళగిరి. నాన్న గుంటమగ్గం మీద నేసేవారు. మా ఇంట్లో పడుగుకీ పేకకీ మధ్య పుట్టినవాళ్లం అందరం. అమ్మ కండెలు చుట్టేది, నేను బడి నుంచి రాగానే తెగిన పోగులు పట్టుకోవాలి. నాన్న నేసిన చీర ఎంత చిక్కన అంటే, గొప్ప చెప్పడం కాదు గానీ, దాంట్లో నీళ్లు పోసి పట్టుకుంటే కాసేపు నిలిచేవి. పదో తరగతి ఫలితాలొచ్చిన రోజు, సెలవుల్లో మగ్గమెక్కి కొంత నేర్చుకోమన్నారు. నేను, "ఆ గుంటలో మీరు దిగారు చాలు, నేను దిగను" అన్నాను. పదిహేనేళ్ల కుర్రాడి నోట ఆ 'గుంట' ఏ అర్థంలో వచ్చిందో ఆయనకు తెలిసింది. ఏమీ అనలేదు. నాడె ఆగలేదు. ఆ తర్వాత నన్ను ఎప్పుడూ పోగు పట్టమని పిలవలేదు. చదువుకి డబ్బు మాత్రం ఆ గుంటలోంచే వచ్చింది.

అమ్మ పోయాక, 2009 అక్టోబరులో నాన్నను ఇక్కడికి తీసుకొచ్చాను. అప్పటికి మగ్గం తీసేసి రెండేళ్లయింది. ఆర్నెల్లు, అదీ చలికాలంలో! తెలుగు చానెళ్లు రెండు నెలలకే ఆయనకు మొహంమొత్తాయి. కిటికీలోంచి మంచు చూస్తూ, కుడిచేతి వేళ్లు ఒడిలో కదుపుతూ కూర్చునేవారు. ఆ కదలిక ఏమిటో నాకు తెలుసు గనక అటు చూడకుండా తప్పించుకునేవాణ్ణి. ఒక ఆదివారం, ఏం తోచక, నాతోపాటు పెద్దాయన బేస్‌మెంట్‌కి తీసుకెళ్లాను.

ఆయన ఇంగ్లీషు ఈయనకు రాదు, ఈయన తెలుగు ఆయనకు రాదు. నేను మధ్యలో దుబాసీగా కూర్చుని, నా మామూలు నాసిరకం ఎలుక కడుతున్నాను. నాన్న పది నిమిషాలు చూసి, "ఏందిరా ఇది, ఎలకా?" అన్నారు. చెప్పాను. "దేనికి?" చెప్పాను. నవ్వుతారనుకుంటే తల పంకించారు.

"కొరమేనుకి కప్పపిల్లను కట్టినట్టన్నమాట."

నాకు ఒక్కసారిగా గుర్తొచ్చింది. అమావాస్య నాడు మా ఇంట్లో మగ్గం దిగేవారు కాదు. ఆ పూట నాన్న వెదురుగడ తీసుకుని కాలవగట్టుకు పోయేవారు. గేలానికి చిన్న కప్పను గుచ్చి నాచు అంచునే టప్‌టప్‌మని గెంతించేవారు. నాచు చీల్చుకుని వచ్చి కొరమేను మింగేది. నేను సంచీ మోసేవాణ్ణి. ఇన్నేళ్లుగా ఓ సాబుల్ ఏట్లో నేను చేస్తున్నది అదేనని నాకు తట్టనేలేదు.

"దారం ఇట్టా ఇవ్వు" అన్నారు నాన్న.

మొదటి కుచ్చు ఆనించారు. రెండు చుట్లు వేశారు. లాగుతూ, తల కొంచెం పక్కకు వంచి, చెవి దారానికి దగ్గరగా పెట్టారు. తెగదు కదా అని నేను ఊపిరి బిగబట్టాను. వెంట్రుక విచ్చుకుంది... విచ్చుకుని ఇంకా విచ్చుకుంది. నేను ఆపే చోటు దాటి అంతకు అంత లాగి ఆగారు. పెద్దాయన కుర్చీ దగ్గరకు జరుపుకున్నాడు. "ఎక్కడ ఆపాలో ఎలా తెలిసిందని అడుగు" అన్నాడు నాతో. అడిగితే నాన్న, "తెగబోయే పోగు ముందే కూస్తది గదరా. నీకు చెప్పలేదూ?" అన్నారు. చెప్పలేదు. చెప్పే అవకాశం నేను ఇవ్వలేదు. ఆ మాట పైకి అనకుండా, పెద్దాయనకు మొదటి వాక్యం మాత్రం అనువదించాను.

ఆ చలికాలమంతా వారానికి మూడురోజులు ఆయనే నడిచి వెళ్లేవారు, నా పాత కోటు వేసుకుని. ఇద్దరు ముసలివాళ్లూ ఏ భాషలో మాట్లాడుకున్నారో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. మార్చిలో తిరుగుప్రయాణానికి ముందు నాన్న నాకొక ఎలుకను ఇచ్చారు. బూడిదరంగు వీపు, తెల్లటి పొట్ట, తోలుచెవులు, తోలుతోక. గోటితో నొక్కితే గోరు దిగలేదు. బెరడు చెక్కినట్టుంది. వెలుగుకెదురుగా పెడితే చీకటి తప్ప ఏమీ కనబడలేదు.

ఒక్క లోపముంది. నిజమైన ఎలుకకు ఉన్నట్టే దాని పొట్ట గుండ్రంగా ఉంది.

ఎలుక ఫ్లైకి పొట్ట ఉండకూడదు. గేలం మొన కిందివైపు ఉంటుంది. కాడకీ మొనకీ మధ్యనున్న ఖాళీయే చేప దవడలో దిగే చోటు. అక్కడ వెంట్రుక నిండితే చేప నోటికి వెంట్రుకే తగులుతుంది గానీ మొన తగలదు. అందుకే కింద బ్లేడుతో కాడ దాకా చదునుగా కోసెయ్యాలి. పెద్దాయన ఎన్నోసార్లు సైగ చేసి చూపాడట. నాన్న ఒప్పుకోలేదట. "సగం ఎలకని చేసి చేతికెట్టా ఇస్తాం" అన్నారు నాతో. నేను వాదించలేదు. ముప్ఫైయేళ్ల కిందటి ఒక్కమాటతో నా వాదనల కోటా అయిపోయిందనిపించింది.

2010 జూలైలో, జ్యేష్ఠ అమావాస్య దగ్గరపడ్డ శనివారం రాత్రి, దాన్నే కట్టుకుని ఏట్లో దిగాను. అక్కడ వేసవిలో పొద్దు తొమ్మిదిన్నరకు గానీ కుంకదు; పదకొండు దాటాక అసలు చీకటి. నడుముల్లోతు చల్లటినీళ్లు, చెవి దగ్గర దోమలు, కనబడని ఒడ్డు. కళ్లకు పనేమీ లేదు. ఎలుకను అవతలి ఒడ్డువైపు, కొంచెం కిందికి విసిరి, దారం బిగిగా ఉంచి, ప్రవాహంలో అడ్డంగా ఈదనివ్వాలి. చేప వచ్చినప్పుడు మొదట శబ్దం వస్తుంది, ఎవరో బావిలో గుమ్మడికాయ వేసినట్టు. ఆ శబ్దానికి ఉలిక్కిపడి లాగితే పోయినట్టే. చేప తరచు ఎలుకను ముందు కొట్టి, తర్వాత మింగుతుంది. చేతికి బరువు తెలిసేదాకా ఆగాలి. ఈ ఆగడం నేర్చుకోవడానికి కూడా నాకు రెండు వేసవులు పట్టింది.

ఆ రాత్రి మూడుసార్లు గుమ్మడికాయ పడింది. మూడుసార్లూ ఆగాను. మూడుసార్లూ చేతికి బరువు వచ్చింది, గడ వంగింది, అంతలోనే జారిపోయింది. చివరిది చాలా పెద్దది. దాని తోక కొట్టిన నీళ్లు నా మొహాన పడ్డాయి. నాన్న ఎలుకకు మాత్రం ఒక్క వెంట్రుక ఊడలేదు.

మర్నాడు ఫోన్ చేసి చెప్పాను. చేపలు వచ్చాయన్నంతవరకే చెప్పి ఆపుదామనుకున్నాను. ఆయన ఆపనివ్వలేదు. ఎంతసేపు పట్టుకుంది, ఎటు లాగింది, నోట్లో ఎట్టా ఉందంటావ్... పాతికేళ్లుగా మేమిద్దరం అంతసేపు ఫోన్లో మాట్లాడుకోలేదు. చివరికి కొంచెంసేపు ఊరుకుని, "కింద కోసెయ్యరా" అన్నారు. "మీరు వద్దన్నారు కదా" అన్నాను. "నాకేం ఎరిక, చేప వద్దంటంది గదా. కట్టుకోటానికి పనికిరాని చీర ఎంత బాగుంటే ఏంది? కోసెయ్."

నేను కొయ్యలేదు. కొత్త బ్లేడు తీసి, ఎలుకను పట్టులో తలకిందులుగా బిగించి, పక్కన పెట్టేశాను. మళ్లీ ఫోన్లో అడిగితే కోశానని అబద్ధం చెప్పాను. "పడ్డదా?" అన్నారు. పడిందన్నాను. ఎంత పొడుగని అడిగారు. నోటికొచ్చిన అంగుళాలు చెప్పాను. ఆయన సంతోషించారు. 2013లో పోయారు. ఆ అబద్ధం నా దగ్గరే ఉండిపోయింది, దానితోపాటు ఆ ఎలుకా. వచ్చినవాళ్లకు చూపించడానికి ఒక గాజుడబ్బాలో పెట్టాను. చూసిన ప్రతివాళ్లూ అచ్చం ఎలుకలా ఉందనేవారు. పెద్దాయన మాత్రం, కొడుకు దగ్గరికి వేరే రాష్ట్రం వెళ్లిపోయేముందు ఆ డబ్బాను చూసి, "ఇంకా కొయ్యలేదా?" అన్నాడు.

2024లో జ్యేష్ఠ అమావాస్య జూలై 5న, శుక్రవారం పడింది. అంతకుముందు రోజు ఇక్కడ సెలవు. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. డబ్బా తెరిచి, కెటిల్ పెట్టి, ఎలుకకు ఆవిరి పట్టించాను. పద్నాలుగేళ్లయినా వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. తలకిందులుగా బిగించి, బ్లేడు వంచి, మెడ దగ్గర మొదలుపెట్టాను. చాలా గట్టిగా ఉంది. రెండు బ్లేడులు మొండిబారాయి. తెల్లటి పొట్టంతా సన్నటి పొడిలా రాలింది. కాడ దాకా వచ్చి ఆపాను. దారం కనబడింది, చుట్టు పక్కన చుట్టు, ఒకదానిమీద ఒకటి ఎక్కకుండా. దానికి బ్లేడు తగలనివ్వలేదు.

మర్నాటి రాత్రి రెండోసారి విసిరినప్పుడే గుమ్మడికాయ పడింది. ఆగాను. బరువు వచ్చింది, నిలిచింది. తలదీపం వెలుగులో కొలిచాను, పదిహేడు అంగుళాలు. ఫోన్లో నాన్నకు చెప్పిన అంకెకు అయిదు తక్కువ. ముల్లు నొక్కేసిన గేలం కాబట్టి తేలిగ్గానే ఊడింది. చేప కొంచెంసేపు నా కాళ్ల దగ్గరే నీడలా నిలిచి, తర్వాత వెళ్లిపోయింది. ఎలుకకు ఎడమచెవి పోయింది. ఒంటిమీద పంటిగాట్లు. దాన్ని ఆరబెట్టి, ఈసారి గాజుడబ్బాలో కాకుండా, మిగతా ఎలుకలతో కలిపి పెట్టెలోనే పెట్టాను.